ఎడమ చెవి

గెంట్ నగరం. నవంబరు వాన.
మ్యూజియం వెనకగదిలో నేనూ, వాడూ.
దూదిపుల్లకి నా ఉమ్మే తడి.
నవ్వకండి, మా వృత్తిలో ఇంతకన్నా మెత్తని మందు లేదు.
ఎనభై ఏళ్ల పొగాకు మసి
ఉమ్మికి లొంగినట్టు మరి దేనికీ లొంగదు.

పటం పేరు: నిమ్మకాయతో విదూషకుడు.
గీసినవాడు గొమ్మార్. మోడల్ ఎవరో తెలియదు.
తెలియదని రాసిన చేతికి బాగా తెలుసని
నా అనుమానం.

పిండి కొట్టిన ముఖం,
ఒక కనుబొమ్మ మాత్రం నెత్తి దాకా ఎగబాకి
ఏదో అడగబోయి ఆగిపోయినట్టు.
తెల్లవేషగాళ్లు చెవులకి ఎరుపు పూస్తారు,
అది సర్కస్ ఆచారం.
సిగ్గుని ముఖం మీద కనపడనివ్వరు కనుక
చెవుల్లోకి తోసేస్తారేమో.

పాత పేపర్లు తిరగేశాను.
శీతాకాలపు సర్కస్, గుండ్రటి మేడ, రాత్రికి రెండు ఆటలు.
ఫిర్మిన్ తెల్లవేషం, బొనిఫాస్ ఎర్రముక్కు.
ఎర్రముక్కు గౌను తొడుక్కుని మెలికలు తిరుగుతాడు,
ఫిర్మిన్ మోకాలి మీద కూచుని ముల్లంగి దుంప చేతికిచ్చి
ముద్దు పెడతాడు.
వెంటనే డ్రమ్ము, వెంటనే చెంపదెబ్బ.
ఆ చెంపదెబ్బే అసలు టిక్కెట్టు.
అది పడిందా, పిల్లలు, పోలీసులు, పాదిరీ గారు
పొట్ట పట్టుకుని నవ్వుతారు.
పడకపోతే?

ఊరంతా చూస్తుండగా మగవాణ్ణి మగవాడు
ముద్దు పెట్టుకోగల చోటు
ఆ పదమూడు మీటర్ల రంపప్పొట్టు ఒక్కటే.

నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మొద్దంటారు.
ఆ కప్పు కింద ఇద్దరూ ఒకే మనిషి,
అయినా జనం డబ్బిచ్చి మరీ నమ్మారు.
నవ్వులపాలవుతామని జడిసేవాళ్ల మధ్య
వాడు నవ్వులనే పాలుగా తాగి బతికాడు.

మూడో వరసలో గొమ్మార్, ప్రతి రాత్రీ.
అతని స్కెచ్చు పుస్తకంలో ఏనుగులు లేవు, గుర్రాలు లేవు,
తాడు మీద నడిచే అమ్మాయి ఉంది, అదీ మోచేతి దాకా.
మిగతా నూట పన్నెండు కాగితాలూ
ఒక మెడ.

బట్టల వ్యాపారి కొడుకు, చర్చిలో ముందు బెంచీ.
మగవాణ్ణి అలా గీస్తే ఇంట్లో ఆరా తీస్తారు,
విదూషకుణ్ణి గీస్తే గోడకి మేకు కొడతారు.
ఎంత ప్రేమకైనా కాస్త పిండి రాస్తే
హాల్లో, పియానో పైన, అత్తగారి ఎదుటే వేలాడదీయవచ్చు.
అట్లా వేలాడుతున్నవి ఎన్ని ఊళ్లలో ఎన్ని ఉన్నాయో,
దిగులు, చంద్రుడు, కళాకారుడి ఒంటరితనం
అని రాసిన చీటీల పక్కన.

నిన్న ఎడమ చెవి దగ్గరికి వచ్చాను.
ఎరుపు దూదికి అంటింది.
అంటకూడదు. వార్నిష్ కింద ఉండాల్సిన రంగు
వార్నిష్ పైన ఉంది.
ఎవరో తర్వాత పూశారు.
చెల్లెలా? సైనికులొచ్చిన ఏడాది తనేనా?
కుంచె వణికిన గుర్తులున్నాయి. అంతకుమించి నాకు తెలియదు.

ఆ ఎరుపు కింద
మామూలు చెవి.
చలికి కందినది, తమ్మెకి పూడిపోయిన పోగు రంధ్రం,
వెనక సబ్బు నురుగు చుక్క.
వేషం కడుక్కుంటుండగా
ఎవరో అసలు పేరుతో పిలిస్తే
ఇటు తిరిగినవాడి చెవి.

డైరెక్టర్ శ్రీమతి వాన్‌హూవ కళ్లజోడు సవరించుకుని
"రెండూ ఒకేలా ఉంటే బాగుంటుందేమో, ఆలోచించండి" అంది.
ఆలోచించాను.
ఎర్రబడ్డ దూదిపుల్లలు పదకొండు
సీసాలో వేసి మూత బిగించాను.
రిపోర్టులో: ఎడమ చెవి, శుభ్రపరచడమైనది.
మోడల్ అన్న గడిలో ఫిర్మిన్ అని రాసి,
పక్కన ప్రశ్నార్థకం పెట్టి,
వాడి కనుబొమ్మ వంక చూసి
ప్రశ్నార్థకం కొట్టేశాను.

వాన ఇంకా పడుతోంది,
ఒక చెవికి వినపడేంత.